డిశ్చార్జి కాగితం మీద రాసినవన్నీ ఒకే బరువువి కావు

ఈ వారం ఉత్తరం ఒక కొత్త తల్లి రాసింది. పేరు, ఊరు బయటపెట్టవద్దన్నారు.

బాబు 34 వారాలకే సిజేరియన్‌తో పుట్టాడు. పుట్టినప్పటి బరువు 1.92 కిలోలు. ఆరు రోజులు ఆక్సిజన్ పెట్టారు. కామెర్లకు రెండు విడతలు లైటు కింద ఉంచారు. పన్నెండో రోజున 1.86 కిలోల బరువుతో ఇంటికి పంపారు. ఉత్తరం రాసేనాటికి బాబుకు పందొమ్మిది రోజులు.

ఇంటికి పంపే రోజు నాలుగు పేజీల డిశ్చార్జి కాగితం చేతికిచ్చి, బిల్లు కౌంటరు దగ్గర నిలబెట్టే గబగబా చెప్పేశారట. రెండు మూడు గంటలకోసారి పాలు పట్టాలి. విటమిన్ డి చుక్కలు రోజుకు 1 మి.లీ. మూడు వారాలు నిండాక ఐరన్ చుక్కలు 0.4 మి.లీ. బిడ్డను ఒంటికి ఆనించి పడుకోబెట్టుకోవాలి. నాలుగు వారాలకు కంటి పరీక్ష. ఇవి కాక ఇంకా చాలా ఉన్నాయి. రాసిన కంపెనీ మందులు దొరక్క షాపులో వేరే కంపెనీవి ఇచ్చారు. వారం గడిచాక విటమిన్ డి సీసా చదివితే ఒక మి.లీ.లో 800 యూనిట్లని ఉంది. డిశ్చార్జి కాగితంలో మాత్రం ఓ మూల 400 యూనిట్లని రాసి ఉంది. రోజూ రెట్టింపు పోశామని ఈవిడకు భయం పట్టుకుంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

భర్త కాగితాన్ని అక్షరం తప్పకుండా పాటిస్తున్నారు. రెండు గంటలకోసారి అలారం, పాలకు ముందూ వెనకా తూకం. అత్తగారు "నిద్రపోయే పసివాణ్ణి ఎవరైనా లేపుతారా, మేం పిల్లల్ని పెంచలేదా" అంటారు. ఒక రాత్రి ఆవిడే అలారం ఆపేయడంతో అయిదు గంటలు పాలు లేకుండా గడిచింది. దాహం వేస్తుందని రెండు చెంచాల నీళ్ళు పట్టారు. కామెర్లు పోతాయని పొద్దుటి ఎండలో పడుకోబెడుతున్నారు. పదిహేడో రోజున దగ్గర్లోని క్లినిక్కులో చూపిస్తే బరువు 1.94 కిలోలు ఉంది. అక్కడి డాక్టరు "బాగానే ఉన్నాడు, ఇప్పటి నుంచే ఐరన్ ఎందుకు, ఆకలేస్తే వాడే లేస్తాడు" అన్నారు. కంటి పరీక్ష రోజున భర్త ఊళ్ళో ఉండరు కాబట్టి నెల పోయాక వెళ్దామనుకుంటున్నారు. పెద్దాస్పత్రికి ఫోన్ చేస్తే చీవాట్లు పెడతారేమోనని ఈవిడ జంకుతున్నారు. "ఎవరి మాట వినాలి? అన్నీ చేయలేక బాత్రూంలో కూర్చుని ఏడుస్తున్నాను" అని ముగించారు.

సమాధానం

ముందు మీకు కంటి మీద కునుకు లేకుండా చేస్తున్న విటమిన్ డి సంగతి. వారం రోజులు రోజుకు 800 యూనిట్లు పడినంత మాత్రాన మీ బాబుకు హాని జరగదు. ఆరు నెలల లోపు పిల్లలకు రోజుకు 1000 యూనిట్ల వరకు సురక్షితమని లెక్క. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు కొందరు డాక్టర్లు కావాలనే 800 రాస్తారు. కాబట్టి ఆ భయం వదిలేయండి. డాక్టరు రాసింది 400 కాబట్టి, ఇప్పుడు మీ దగ్గరున్న సీసాతో అది సగం మిల్లీలీటరే అవుతుంది. ఫోన్ చేసినప్పుడు ఈ మాట కూడా చెప్పి, ఎంత కొనసాగించాలో ఖరారు చేసుకోండి.

ఈ పొరపాటు ఎలా జరిగిందో మాత్రం తెలుసుకోవాలి, ఎందుకంటే ఇదే దారిలో ఇంకో మందు దగ్గర ప్రమాదం పొంచి ఉంది. డాక్టరు "1 మి.లీ." అని రాసేటప్పుడు ఆయన మనసులో ఒక కంపెనీ సీసా ఉంటుంది. షాపువాళ్ళు వేరే సీసా ఇచ్చినప్పుడు ఆ మిల్లీలీటరుకు అర్థం మారిపోతుంది. విటమిన్ డి సీసాల్లో మి.లీ.కి 400 యూనిట్లు ఉన్నవీ, 800 ఉన్నవీ ఉన్నాయి. ఒక్క చుక్కలోనే 400 యూనిట్లు ఉన్నవీ ఉన్నాయి. ఆ చివరి రకాన్ని మి.లీ. చొప్పున పోస్తే రోజుకు పదివేల యూనిట్లు దాటిపోతుంది. అలా వారాల తరబడి సాగితే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, కిడ్నీలకు ఇబ్బంది వస్తాయి. అందుకే ఏ మందుకైనా అసలు మోతాదు యూనిట్లలోనో మిల్లీగ్రాముల్లోనో ఉంటుంది. మిల్లీలీటరు అన్నది ఆ సీసాకు మాత్రమే చెల్లుతుంది.

ఇక ఐరన్. మీరు ఎల్లుండి నుంచి మొదలుపెట్టాలి. ఆ సీసా మీద ఏ అంకె ఉందో మీరు ఉత్తరంలో రాయలేదు. అది చూడకుండా మొదలుపెట్టవద్దు. నెలలు నిండని పిల్లలకు మామూలుగా కిలో బరువుకు రోజుకు 2 మి.గ్రా. చొప్పున ఇస్తారు. మీ బాబుకు అది దాదాపు 4 మి.గ్రా. కాగితం మీది 0.4 మి.లీ. అన్న లెక్క మి.లీ.కి 10 మి.గ్రా. ఉన్న సీసాకు సరిగ్గా కుదురుతుంది. మీ చేతిలో ఉన్నది మి.లీ.కి 25 మి.గ్రా. ఉన్న సీసా అయితే అదే 0.4 మి.లీ.లో 10 మి.గ్రా. పడుతుంది. అంటే కావలసినదానికి రెండున్నర రెట్లు. విటమిన్ డి విషయంలో శరీరం కొంత సర్దుకుపోయింది గానీ ఐరన్ విషయంలో ఆ వెసులుబాటు తక్కువ. ఎక్కువైతే కడుపు లోపలి పొర దెబ్బతింటుంది. బాగా ఎక్కువైతే ప్రాణం మీదికి వస్తుంది. ఇంట్లో ఇంకో చిన్న పిల్లాడుంటే ఆ సీసా అందనంత ఎత్తులో ఉండాలి.

ఐరన్ సీసా చదివేటప్పుడు ఇంకో చిక్కు ఉంది. చాలా సీసాల మీద రెండు అంకెలుంటాయి. ఉదాహరణకు ఫెర్రస్ సల్ఫేట్ 75 మి.గ్రా. అని ఒక వరస, దానికి సమానమైన ఎలిమెంటల్ ఐరన్ 15 మి.గ్రా. అని ఇంకో వరస. మొదటిది లవణం మొత్తం బరువు, రెండోది అందులో ఉన్న ఇనుము. డాక్టర్లు లెక్కగట్టేది రెండోదాంతో. తప్పు వరస పట్టుకుని లెక్క వేస్తే అయిదు రెట్లు తేడా వస్తుంది. మీవారికి లెక్కల మీద పట్టుందని మీ ఉత్తరమే చెబుతోంది. అయినా సరే, ఈ లెక్క ఆయన చేయడం కాదు, సీసా మీది రెండు వరసలూ ఫోన్‌లో డాక్టరుకు చదివి వినిపించి "ఈ సీసాతో ఎంత పోయాలి" అని అడగడమే పద్ధతి.

మందు కొలవడానికి చెంచా వాడకండి. సూది లేని 1 మి.లీ. సిరంజి ఒకటి తెచ్చుకోండి, దాని మీద 0.1 చొప్పున అంకెలుంటాయి. మందు లాగాక సిరంజిని నిలువుగా, మొన పైకి పెట్టి వేలితో తడితే గాలి బుడగ పైకి వస్తుంది. దాన్ని బయటకు తోసేసి, లోపలి నల్ల రబ్బరు పై అంచు ఏ గీత మీద ఉందో చూడండి. 0.4 మి.లీ. కొలతలో చిన్న బుడగ కూడా మోతాదును తగ్గించేస్తుంది. ఒక సీసా డ్రాపర్‌ను ఇంకో సీసాకు వాడకండి, వాటి గీతలు వేరు. బాబు తల కాస్త ఎత్తులో ఉంచి, బుగ్గ లోపలి వైపు కొంచెం కొంచెంగా వదలండి. నాలుక మీదుగా గొంతులోకి చిమ్మితే పొలమారుతుంది. గిన్నెడు పాలల్లో కలపడం కూడా వద్దు, పాలు మిగిలితే మందు ఎంత లోపలికి వెళ్ళిందో తెలియదు. మందు వేశాక కక్కితే మళ్ళీ వేయకండి, మరునాడు మామూలుగా ఇవ్వండి. ఒక రోజు మరిచిపోయినా అంతే, రెండు రోజులది కలిపి ఇవ్వకూడదు. ఐరన్ మొదలయ్యాక విరేచనం ముదురు ఆకుపచ్చగానో నల్లగానో వస్తుంది. అది మామూలే. అత్తగారికి ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి, లేకపోతే డైపర్ చూసి ఆవిడ హడలిపోయి మందు ఆపించేస్తారు.

ఇప్పుడు ఇద్దరు డాక్టర్లు చెరోమాట చెప్పిన సంగతి. నా ఉద్దేశంలో ఇద్దరూ తమ కళ్ళ ముందు ఉన్న బిడ్డకు తగ్గట్టే చెప్పారు. నెలలు నిండిన బిడ్డ తల్లి కడుపులో చివరి మూడు నెలల్లో ఇనుమును నిల్వ చేసుకుని పుడతాడు. అందుకే అలాంటివాడికి మొదటి నాలుగైదు నెలలు ఐరన్ అవసరం ఉండదు. మీ బాబు ఆ నిల్వ పూర్తికాకముందే బయటికి వచ్చేశాడు. క్లినిక్కు డాక్టరుకు 34 వారాలన్న ముక్క తెలిసిందా, డిశ్చార్జి కాగితం చూపించారా అన్నది మీ ఉత్తరంలో లేదు. చూపించకపోతే ఆయన చూసింది చిన్నగా, చురుగ్గా ఉన్న ఒక పసివాణ్ణి మాత్రమే. ఇక మీదట ఎవరి దగ్గరికి వెళ్ళినా మొదటి మాటగా ఎన్ని వారాలకు పుట్టాడో చెప్పి కాగితం ముందు పెట్టండి. ఆ తర్వాత కూడా మాట తేడా వస్తే "ఆస్పత్రివాళ్ళు ఇలా రాశారు, మీరు ఆపమంటున్నారు, కారణం రాసివ్వగలరా" అని మర్యాదగా అడగండి. ఒకరు ఇవ్వమన్నారు, ఒకరు వద్దన్నారు కదా అని సగం మందు ఇచ్చే రాజీ మాత్రం వద్దు.

రాత్రి పాల విషయంలో కూడా కథ అదే. "ఆకలేస్తే వాడే లేస్తాడు" అన్నది నెలలు నిండి, బరువు బాగా పెరుగుతున్న బిడ్డకు సరిపోతుంది. 34 వారాలకు పుట్టిన బిడ్డకు ఒంట్లో శక్తి తగ్గినప్పుడు ఏడ్చే ఓపిక కూడా తగ్గుతుంది. ఆకలి ఎక్కువైన కొద్దీ నిద్ర ఎక్కువవుతుంది. చక్కెర పడిపోతూ ఉన్నా చూసేవాళ్ళకు హాయిగా నిద్రపోతున్నట్టే కనిపిస్తాడు. అత్తగారు అయిదు గంటలు వదిలేసిన రాత్రి ఏమీ కాలేదు, సంతోషం. కానీ అది అలవాటు కాకూడదు.

బరువు చూడండి. పన్నెండో రోజున 1.86, పదిహేడో రోజున 1.94. అయిదు రోజుల్లో 80 గ్రాములు, అంటే రోజుకు 16. ఈ సైజు బిడ్డ రోజుకు పాతిక, ముప్పై గ్రాములు పెరగాలి. రెండు తూకాలు వేర్వేరు మిషన్ల మీద చూసినవి కాబట్టి ఈ అంకెను పట్టుకుని బెంగపడనక్కర్లేదు. కానీ "బాగానే ఉన్నాడు, ఇక లేపనక్కర్లేదు" అనడానికి మాత్రం ఇది చాలదు. పుట్టినప్పటి బరువును ఇప్పుడిప్పుడే దాటాడు.

మరి మీ నిద్ర సంగతి? ఇక్కడ మీకు మూడు దారులున్నాయి.

మీవారు చేస్తున్నట్టు రెండు గంటలకోసారి రోజంతా నడపడం ఒకటి. బాబుకు ఢోకా లేదు. కానీ పాలు పట్టడానికి అరగంట, తేన్చించి పడుకోబెట్టడానికి పావుగంట, డైపర్ మార్చడానికి ఇంకొంచెం. మీకు ఒక్క విడతలో గంట నిద్ర కూడా మిగలదు. ఆపరేషన్ అయిన ఒళ్ళు ఇలా ఎన్ని రోజులు మోస్తుంది? నిద్రలేమితో మందు కొలతలు తప్పడం, బిడ్డను ఒళ్ళో పెట్టుకునే సోఫాలో నిద్రపోవడం జరుగుతాయి. ఆ రెండోది పసిపిల్లకు చాలా ప్రమాదం.

అత్తగారు అన్నట్టు బిడ్డే లేచేదాకా ఆగడం రెండోది. ఇది ఎప్పటికీ కుదరదని కాదు. వరసగా రెండు వారాలు బరువు సరిగ్గా పెరిగి, డాక్టరు సరేనన్నాక రాత్రిపూట విరామం కొంచెం పెంచుకోవచ్చు. ఇప్పుడు మాత్రం తొందర.

మూడోది, రెండు గంటలన్నది పగటికి, మూడు గంటలన్నది రాత్రికి గరిష్ఠ గడువుగా పెట్టుకోవడం. కాగితం మీద "రెండు మూడు" అని రాసిందే ఈ వెసులుబాటు కోసం. గడువును ఒక పాలు మొదలైన వేళ నుంచి ఇంకో పాలు మొదలయ్యే వేళ వరకు లెక్కపెట్టుకోండి. రాత్రి ఒక విడత పాలు మీవారు ఉగ్గుగిన్నెతోనో చెంచాతోనో పిండిన పాలు పడితే మీకు వరసగా నాలుగైదు గంటలు నిద్ర దొరుకుతుంది. దీనికి ఒక మూల్యం ఉంది. పాలు ఊరేది ఖాళీ అయిన కొద్దీ. రాత్రంతా పిండకుండా వదిలేస్తే కొన్ని రోజుల్లో ఊరడం తగ్గుతుంది. అందుకని పడుకునే ముందు ఒకసారి, లేవగానే ఒకసారి పిండుకోండి. పిండిన పాలు గది వేడిమి 25 డిగ్రీలు మించకపోతే నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో లోపలి అరలో నాలుగు రోజులు నిలుస్తాయి. వాడేటప్పుడు గిన్నెను వేడి నీళ్ళల్లో నిలబెట్టి గోరువెచ్చగా చేయాలి. పొయ్యి మీద గానీ మైక్రోవేవ్‌లో గానీ వద్దు. నేనైతే ఈ మూడో దారివైపే మొగ్గుతాను.

ఎంత పట్టాలన్నదీ తెలిసి ఉంటే మంచిది. కిలోకు రోజుకు 150 నుంచి 160 మి.లీ. చొప్పున వేసుకుంటే మీ బాబుకు ఇరవై నాలుగు గంటల్లో దాదాపు 300 మి.లీ. ఎనిమిది విడతలైతే ఒక్కోసారి 35 నుంచి 40 మి.లీ. పది పన్నెండు విడతలైతే 25 నుంచి 30. రొమ్ము దగ్గర తాగేటప్పుడు ఇది కొలవలేం, కొలవనక్కర్లేదు కూడా. రోజుకు ఆరు అంతకంటే ఎక్కువ డైపర్లు బాగా తడుస్తున్నాయా, మింగుతున్న చప్పుడు వినిపిస్తోందా అన్నవి చాలు. ఒక విడత అరగంట దాటితే తాగిన పాల కంటే పీల్చడానికి పెట్టిన కష్టమే ఎక్కువవుతుంది. అలాంటప్పుడు రొమ్ము దగ్గర కాసేపు పట్టి, మిగతాది పిండి గిన్నెతో పట్టండి. లేపడానికి చుట్టిన గుడ్డ విప్పి, డైపర్ మార్చి, ఒంటికి ఆనించుకుని అరికాళ్ళు నిమరండి. తడిగుడ్డతో ముఖం తుడిచి లేపే పద్ధతి ఇంత చిన్న బిడ్డకు వద్దు, ఒళ్ళు చల్లబడుతుంది.

పాలకు ముందూ వెనకా తూకం వేయడం మీవారు మానుకుంటే అందరికీ మంచిది. బాబు రోజంతా పెరిగేది పాతిక, ముప్పై గ్రాములు. ఒకసారి తడిసిన డైపర్ బరువూ దాదాపు అంతే. ఇంట్లో మిషన్లు చాలావరకు 50 గ్రాముల తేడాను కూడా సరిగ్గా పట్టలేవు. అంటే ఆయన చూస్తున్నది పెరుగుదలను కాదు, మూత్రం పోసిన వేళను. వారానికి రెండుసార్లు, ఒకే మిషన్ మీద, బట్టలు లేకుండా, పాలకు ముందు, అదీ క్లినిక్కులో చూపిస్తే సరిపోతుంది. ఆయన శ్రద్ధను అలారం నుంచి మందు సిరంజి వైపు, రాత్రి ఒక విడత పాల వైపు మళ్ళించండి. రాసి పెట్టుకోవడం ఇష్టమైతే పాలు పట్టిన వేళ, తడిసిన డైపర్లు, మందు వేసినవాళ్ళ పేరు ఒక పుస్తకంలో రాయమనండి. ఒకరు వేసిన మందు ఇంకొకరు మళ్ళీ వేయడం ఇళ్ళల్లో మామూలుగా జరిగే పొరపాటు, ఆ పుస్తకంతో అది ఆగుతుంది.

నీళ్ళ విషయంలో మాత్రం మెత్తబడకండి. రెండు చెంచాలంటే పది మిల్లీలీటర్లు. మీ బాబు ఒక విడత తాగేదే 35. అంటే మూడో వంతుకు దగ్గరగా పాలు తగ్గి, ఆ చోట్లో బలం లేని నీళ్ళు చేరాయి. పైగా ఇంత చిన్న కిడ్నీలు అదనపు నీటిని బయటకు పంపలేవు. రక్తంలో సోడియం పడిపోతే ఫిట్స్ రావచ్చు. తల్లిపాలల్లో ఉన్నదే చాలావరకు నీరు, ఎండాకాలంలోనూ అదే చాలు. ఆరు నెలలదాకా నీళ్ళు వద్దు, ఏడాది దాకా తేనె అసలే వద్దు.

అత్తగారితో ఈ మాటలు మీరు వాదించి గెలవాలని చూడకండి. ఆవిడ చేతులకు పని కావాలి, ఆ పని కాగితంలోనే ఉంది. బిడ్డను ఒంటికి ఆనించి పెట్టుకోవడం, అంటే కంగారూ మదర్ కేర్. నెలలు నిండని, బరువు తక్కువ ఉన్న పిల్లలకు దీన్ని రోజుకు 8 నుంచి 24 గంటలు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సిఫారసు చేసింది. ఒక్క తల్లి వల్ల అయ్యే పని కాదిది. ఆరోగ్యంగా ఉన్న నానమ్మ, నాన్న కూడా చేయొచ్చు. డైపర్, టోపీ, సాక్సు తప్ప బాబుకు ఇంకేమీ లేకుండా, రొమ్ముల మధ్య నిలువుగా, కప్ప కూర్చున్నట్టు కాళ్ళు ముడిచి, తల ఒక పక్కకు తిప్పి, గడ్డం కాస్త పైకి ఎత్తి ఉంచాలి. గడ్డం ఛాతీకి నొక్కుకుపోతే ఊపిరి అందదు. ఒక్కసారి పెట్టుకుంటే కనీసం గంట. "అత్తయ్యా, మీ ఒంటి వెచ్చదనంలో వీడు బరువు పెరుగుతాడట, పొద్దున రెండు గంటలు మీరు పెట్టుకుంటారా" అని అడిగి చూడండి. పెట్టుకున్నవాళ్ళకు నిద్ర ముంచుకొస్తే బిడ్డను వెల్లకిలా, దిండు లేని గట్టి పరుపు మీదికి మార్చాలన్న మాటా చెప్పండి.

ఎండలో పెట్టడం వల్ల కామెర్లు నయం కావు. ఆస్పత్రి లైటు ఒక నిర్ణీత నీలి కాంతిని కొలిచి ఒంటి మీద పడేలా చేస్తుంది. ఎండలో ఆ కొలత లేదు, బట్టలు విప్పితే చలి, లేదా లేత చర్మం కమిలిపోవడం. అంతకంటే పెద్ద నష్టం, ఎండలో పెడుతున్నామన్న ధైర్యంతో రక్తపరీక్ష వాయిదా పడడం. నెలలు నిండని బిడ్డకు మూడు వారాలు దాటినా పసుపు పోకపోతే రక్తంలో బిలిరుబిన్ (కామెర్లకు కారణమైన పసుపు పదార్థం) మొత్తంతో పాటు అందులో డైరెక్ట్ అనే భాగం కూడా చూడాలి. మీకు ఆ గడువు ఎల్లుండే. ఈలోపు విరేచనం రంగు చూడండి. పసుపో ఆకుపచ్చో అయితే సరే. సున్నంలా, బంకమట్టిలా తెల్లగా వస్తే, మూత్రం డైపర్‌కు ముదురు పసుపు మరక అంటిస్తే, అదే రోజు ఆస్పత్రికి వెళ్ళాలి. పైత్య నాళాలు మూసుకుపోయే జబ్బు ఒకటుంది, దాని ఆపరేషన్ రెండు నెలల వయసు లోపు చేస్తే ఫలితం మెరుగ్గా ఉంటుంది.

కంటి పరీక్ష. కాగితంలో ఉన్నవాటిలో ఎవరూ పట్టించుకోనిది ఇదే, గడువు దాటితే దిద్దుకోలేనిదీ ఇదే. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు కంటి వెనక రెటీనాలో రక్తనాళాలు ఇంకా అంచులదాకా పెరిగి ఉండవు. ఆక్సిజన్ మీద ఉన్న పిల్లల్లో అవి అడ్డదిడ్డంగా పెరిగే ప్రమాదం ఉంది. ముదిరితే రెటీనా ఊడి చూపు పోతుంది. ఇది జరుగుతున్నంతసేపూ కళ్ళు బయటికి చక్కగానే ఉంటాయి, బిడ్డ కళ్ళు తిప్పుతూనే ఉంటాడు. పట్టుకున్నాక చికిత్సకు దొరికే వ్యవధి రోజుల్లోనే ఉంటుంది. మీ బాబు 34 వారాలవాడు కాబట్టి ఏమీ లేకపోయే అవకాశమే ఎక్కువ, కానీ అది కంటిపాపలు పెద్దవి చేసే చుక్కలు వేసి, లోపల చూసినవాళ్ళు చెప్పాల్సిన మాట.

మీవారు లేని రోజున అత్తగారిని తోడు తీసుకుని మీరు వెళ్ళవచ్చు. లేదా ఫోన్ చేసి ఒకటి రెండు రోజులు ముందే చేయించుకోవచ్చు. లేదా నెలలు నిండని పిల్లల రెటీనా చూసేవాళ్ళు దగ్గర్లో ఎవరున్నారో ఆస్పత్రినే అడగవచ్చు, మామూలు కళ్ళద్దాల డాక్టరు పరీక్ష దీనికి పనికిరాదు. నెల తర్వాత అన్నది మాత్రం వదిలేయండి. పరీక్షకు గంట ముందే పాలు పట్టేయండి, అప్పుడే తాగి ఉంటే కక్కుతాడు. పరీక్ష కొద్ది నిమిషాలే, గట్టిగా ఏడుస్తాడు, కళ్ళు కొన్ని గంటలు ఎర్రగా ఉంటాయి. "మళ్ళీ రెండు వారాలకు రండి" అంటే ఏదో ఉందని అర్థం కాదు, నాళాలు పూర్తిగా పెరిగేదాకా చూస్తారు. అదే రోజు వినికిడి పరీక్ష గురించి కూడా అడగండి. ఎన్‌ఐసీయూలో (పసికందుల ఇంటెన్సివ్ కేర్ వార్డులో) అయిదు రోజులు దాటి ఉన్న పిల్లలకు అది మూడు నెలల్లోపు తేలిపోవాలి. టీకాలకు మాత్రం పుట్టిన తేదీనే లెక్క, వారాలు తగ్గించుకోకూడదు.

కాగితంలో మిగతావి, బొడ్డు పొడిగా ఉంచడం, ఎత్తుకునే ముందు చేతులు సబ్బుతో కడుక్కోవడం, జలుబు ఉన్నవాళ్ళను దూరంగా ఉంచడం, మీరు చేస్తున్నట్టే ఉన్నారు. స్నానం ఒకరోజు తప్పినా ఏమీ కాదు.

వీటన్నిటికీ పైన ఉండేవి కొన్ని ప్రమాద సంకేతాలు, ఏ ఒక్కటి కనిపించినా వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. తలుపు మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించండి, అత్తగారికి చదివి వినిపించండి. రెండు విడతలు వరసగా పాలు తాగకపోవడం. లేపినా కదలిక లేకపోవడం. ఫిట్స్. డొక్కలు ఎగరేయడం. బాబు నిమ్మళంగా ఉన్నప్పుడు నిమిషం నిండా లెక్కపెడితే ఊపిరి 60 గానీ అంతకు మించి గానీ ఉండడం, మళ్ళీ లెక్కపెట్టినా అంతే రావడం. అరచేతులు, అరికాళ్ళు పచ్చబడడం. పెదవులు నీలంగా మారడం. అయిదు పది సెకన్లు ఊపిరి ఆగి మళ్ళీ గబగబా తీసుకోవడం ఈ వయసులో మామూలే, ఇరవై సెకన్లు ఆగినా, రంగు మారినా మామూలు కాదు. చంకలో థర్మామీటరు 36.5 నుంచి 37.5 డిగ్రీల సెల్సియస్ మధ్య చూపించాలి. తక్కువుంటే ఒంటికి ఆనించి, టోపీ పెట్టి, దుప్పటి కప్పి అరగంటకు మళ్ళీ చూడండి. 37.5 దాటితే ఒక పొర బట్టలు తగ్గించి పావుగంటకు మళ్ళీ చూడండి. అప్పటికీ మారకపోతే ఆస్పత్రికే. 38 తాకితే పావుగంట కూడా ఆగవద్దు. పారాసిటమాల్ మీ అంతట మీరు వేయవద్దు, అది జ్వరాన్ని దాచిపెడుతుంది, లోపలి ఇన్ఫెక్షన్ అలాగే ఉంటుంది.

మీ సంగతి చివరికి వచ్చిందని అది చిన్నదనుకోకండి. కాన్పు తర్వాత మొదటి రెండు వారాల్లో కారణం లేకుండా ఏడుపు రావడం చాలామందికి ఉంటుంది. మీకు పందొమ్మిది రోజులైంది, ఏడుపు ఆగలేదు. నిద్ర దొరికిన రాత్రి కూడా నిద్ర పట్టకపోయినా, బిడ్డను చూసినా ఏమీ అనిపించకపోయినా, నేనుండి ఏం లాభం అన్న ఆలోచన వచ్చినా మీ కాన్పు డాక్టరుకు ఆ రోజే చెప్పండి. పాలిస్తూ వాడదగ్గ మందులు ఉన్నాయి. విటమిన్ డి విషయం మీవారికీ ఇవాళే చెప్పండి. హాని లేదని తెలిశాక చెప్పడం తేలిక, దాచుకుని మోయడం కష్టం.

ఆస్పత్రికి ఫోన్. నర్సులు, డాక్టర్లు ఒక్కోసారి విసుక్కుంటారు, నిజమే. అడిగే తీరు సూటిగా ఉంటే ఆ విసుగు తగ్గుతుంది. ముందు మీ బాబు రిజిస్ట్రేషన్ నంబరు, ఎన్ని వారాలకు పుట్టాడు, ఇప్పటి వయసు, బరువు చెప్పండి. ఆపైన, కాగితం మీద 400 యూనిట్లని ఉంటే ఈ సీసాతో వారం రోజులు 800 ఇచ్చామని చెప్పండి. తర్వాత ఐరన్ సీసా మీది రెండు వరసలూ చదివి ఎంత పోయాలో అడగండి. మూడు వారాలకు పసుపు ఉంటే రక్తపరీక్షకు ఎప్పుడు రావాలి, రాత్రి మూడు గంటల విరామం సరేనా, కంటి పరీక్ష తేదీ మార్చుకోవచ్చా అన్నవి వరసగా. వాళ్ళు చెప్పింది వెంటనే మీ మాటల్లో మళ్ళీ చెప్పి "అంతేనా" అనండి, తప్పు విన్నది అక్కడే దొరికిపోతుంది. మీరు మాట్లాడలేననుకుంటే మీవారి చేత స్పీకర్‌లో మాట్లాడించి మీరు రాసుకోండి. జవాబు వచ్చేదాకా ఐరన్ సీసా మూత తీయకండి, రెండు మూడు రోజులు ఆలస్యమైనా ఐరన్ విషయంలో నష్టమేమీ లేదు.